మొదటిసారి షేర్లు కొంటున్నారా? బ్రోకర్ గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే దారి పట్టాయి. ఫోన్‌లో షేర్లు కొనాలి, ఖాతా ఏ బ్రోకర్ దగ్గర తెరవాలి అని. కంపెనీ పేరే చెప్పేయమన్న వారికి ముందుగా ఒక మాట. ఈ రంగంలో ఛార్జీలు తరచూ మారుతుంటాయి. ఇవాళ చౌక అన్న పేరు పత్రిక మీ చేతికి వచ్చేసరికి చౌక కాకపోవచ్చు. కాబట్టి పేర్లు పక్కనపెట్టి, మీరే చూసుకోగలిగే పద్ధతి చెబుతున్నాం.

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నెలకు మూడు వేలు షేర్లల్ల పెడదామనుకుంటున్న. తోటి టీచర్ ఒక యాప్ చూపించి ‘దీంట్ల బ్రోకరేజీ సున్నా’ అంటది. మా ఆయనేమో జీతం పడే బ్యాంకులనే డీమ్యాట్ తెరువమంటున్నరు. ఏది నయం?
– ఓ సోదరి, హనుమకొండ

జవాబు: బ్రోకరేజీ సున్నా అంటే బ్రోకర్ తన కమీషన్ వదులుకున్నాడని మాత్రమే. సర్కారు పన్నులు, ఎక్స్ఛేంజీ రుసుము, అమ్మినప్పుడు డీమ్యాట్ ఖాతా (షేర్లు ఉండే ఖాతా) నుంచి షేర్లు తీసే ఛార్జీ (దీన్నే డీపీ ఛార్జీ అంటారు) ఎక్కడికీ పోవు. ప్రకటన పక్కనపెట్టి లెక్క వేసి చూడండి.

5,000 రూపాయల షేర్లు కొని, కొన్నాళ్లకు అదే ధరకు అమ్మారనుకుందాం. ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం; కలిపి 10 రూపాయలు. స్టాంపు డ్యూటీ కొనుగోలు మీదే, 0.015 శాతం, అంటే 75 పైసలు. ఎక్స్ఛేంజీ రుసుము లక్షకు సుమారు 3 రూపాయల చొప్పున, రెండు వైపులా కలిపి 30 పైసలు. సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రుసుము కోటికి 10 రూపాయలే కాబట్టి మనబోటి వాళ్ల లెక్కలోకి రాదు. మొత్తం 11 రూపాయల చిల్లర. ఏ బ్రోకర్ దగ్గరకు వెళ్లినా ఇది మారదు.

తేడా అంతా బ్రోకరేజీలో, డీపీ ఛార్జీలో ఉంటుంది. డీపీ ఛార్జీ అమ్మినప్పుడే పడుతుంది, కంపెనీకి ఒకటి చొప్పున, రోజుకు ఒకసారి. జీఎస్‌టీతో కలిపి సుమారు 15 నుంచి 25 రూపాయల మధ్య చాలామంది వసూలు చేస్తారు. బ్రోకరేజీ సున్నా, డీపీ ఛార్జీ 15 ఉన్న చోట మీకు మొత్తం 26 రూపాయలు పోతాయి. ఆర్డరుకు 20 రూపాయలు తీసుకునే చోట కొనడానికి 20, అమ్మడానికి 20, వాటి మీద 18 శాతం జీఎస్‌టీ 7.20, డీపీ ఛార్జీ 24. పన్నులతో కలిపి 82 రూపాయలు. అంటే మీ 5,000 మీద 1.6 శాతం. షేరు అంత పెరిగితేనే మీ అసలు మీకు వస్తుంది.

అదే లక్ష రూపాయలైతే కథ తిరగబడుతుంది. సున్నా బ్రోకరేజీ చోట సుమారు 238, ఆర్డరుకు 20 చోట సుమారు 293; పెద్ద తేడా లేదు. కానీ 0.5 శాతం తీసుకునే పాతకాలపు పద్ధతిలో బ్రోకరేజీ, దానిపై జీఎస్‌టీలే 1,180. మొత్తం 1,400 దాటుతుంది. చిన్న మొత్తాల వాళ్లను స్థిర రుసుము దెబ్బతీస్తుంది, పెద్ద మొత్తాల వాళ్లను శాతం దెబ్బతీస్తుంది. మీరు నెలకు మూడు వేలు పెట్టేవారు కనుక ఆర్డరుకు ఇంత అనే రుసుము, డీపీ ఛార్జీ ఈ రెండే మీకు ముఖ్యం. మూడు వేలను ఆరు కంపెనీలకు పంచి, ఒక్కో దానికి 20 రూపాయలు కట్టారంటే జీఎస్‌టీతో కలిపి దాదాపు 142 రూపాయలు కొనేటప్పుడే పోయినట్టు.

‘సున్నా’ అన్నవాళ్లు ఎప్పటికీ సున్నాగానే ఉంటారనుకోకండి. 2024 అక్టోబర్ 1కి ముందు ఎక్కువ వ్యాపారం తెచ్చిన బ్రోకర్లకు ఎక్స్ఛేంజీలు తక్కువ రుసుము వేసేవి. బ్రోకర్లు మీ దగ్గర పూర్తి రుసుము తీసుకుని తేడా మిగుల్చుకునేవారు. అందరికీ ఒకే రేటు ఉండాలని సెబీ చెప్పడంతో ఆ ఆదాయం పోయింది. కొందరు ఇతర ఛార్జీలు పెంచారు. ఖాతా తెరిచే ముందు ఆ బ్రోకర్ వెబ్‌సైట్‌లో ఛార్జీల పట్టిక తెరిచి, పేజీ చివరిదాకా చదవండి. ఫోన్ చేసి ఆర్డర్ ఇస్తే ఎంత, యాప్‌కు డబ్బు పంపితే నెట్ బ్యాంకింగ్ రుసుము ఎంత, షేర్లు వేరే చోటికి మారిస్తే ఎంత లాంటివన్నీ చిన్న అక్షరాల్లో అక్కడే ఉంటాయి.

మీవారి మాటలోనూ పస ఉంది. బ్యాంకు ఖాతా, డీమ్యాట్, ట్రేడింగ్ మూడూ ఒకే చోట ఉంటే డబ్బు ముందుగా బ్రోకర్‌కు పంపే పని ఉండదు. కొన్నప్పుడే సేవింగ్స్ నుంచి తీసుకుంటారు, అంతవరకు వడ్డీ మీదే. ఆ సౌకర్యానికి బ్రోకరేజీ రూపంలో ధర కడతారు. నెలకు ఒకటి రెండుసార్లు కొని ఏళ్ల తరబడి ఉంచుకునే వారికి ఆ ధర భారం కాకపోవచ్చు, కానీ ప్రతి ఆర్డరుకు కనీస బ్రోకరేజీ ఎంతో అడగకుండా సంతకం పెట్టొద్దు.

ఇద్దరి మాటా విని రెండు ఖాతాలు మాత్రం తెరవొద్దు. షేర్ల విలువ 4 లక్షలు దాటనంత వరకు డీమ్యాట్ ఖాతాకు వార్షిక రుసుము ఉండకూడదు, 4 నుంచి 10 లక్షల వరకు ఏడాదికి 100 రూపాయలే అన్న నిబంధన 2024 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. దీన్ని బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతా అంటారు. కానీ దేశం మొత్తమ్మీద మీ పేరిట మొదటి హోల్డర్‌గా ఒక్క డీమ్యాటే ఉంటేనే ఇది వర్తిస్తుంది. స్నేహితురాలి రెఫరల్ కూపన్ కోసం తెరిచిన రెండో ఖాతా ఏటా రుసుము అడుగుతూనే ఉంటుంది.

ఇంతకీ మొదటి ఏడాది షేర్లకు బదులు డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు కమీషన్ లేని) ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సూచీలోని కంపెనీల్లో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో, నెలనెలా వేస్తే పై లెక్కలో బ్రోకరేజీ, డీపీ ఛార్జీ రెండూ ఉండవు. మూడు వేలకు అదే సరిపోతుందని మా అభిప్రాయం.

ప్రశ్న: బ్రోకర్ కంపెనీ మూతపడితే మన షేర్లు కూడా పోతాయా? కార్వీ సంగతి విన్నప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ధైర్యం చేస్తలేరు.
– చిరువ్యాపారి, నర్సంపేట

జవాబు: ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు మీ పత్తిని అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు, పత్తి ఆయనది కాదు. బ్రోకర్ కూడా అంతే. మీ షేర్లు ఉండేది ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ అనే డిపాజిటరీలో (షేర్లు భద్రపరిచే సంస్థలో), మీ పేరు మీద, మీ పాన్‌తో. సీడీఎస్‌ఎల్ ఖాతాకు 16 అంకెల నంబరు ఉంటుంది. ఎన్‌ఎస్‌డీఎల్ నంబరు ‘ఐఎన్’ అక్షరాలతో మొదలవుతుంది. బ్రోకర్ మూతపడినా ఆ ఖాతాలోని షేర్లు అలాగే ఉంటాయి, మరో బ్రోకర్ దగ్గరికి మార్చుకోవచ్చు.

మరి కార్వీలో ఏం జరిగింది? హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఆ సంస్థకు ఖాతాదారులు ఖాతా తెరిచేటప్పుడే పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చారు. ఆ అధికారంతో వారి షేర్లను తన ఖాతాల్లోకి మార్చుకుని, బ్యాంకుల్లో కుదువపెట్టి అప్పు తెచ్చింది. 2019 నవంబర్ 22న సెబీ దాన్ని అడ్డుకుంది. డిసెంబర్ మొదట్లో 80 వేలకు పైగా ఖాతాదారులకు షేర్లు తిరిగి వచ్చాయి. మిగిలినవారు, యాప్‌లో నగదు ఉంచిన వారు చాలాకాలం తిరగాల్సి వచ్చింది.

ఆ తర్వాత దారులు చాలావరకు మూశారు. కుదువ పెట్టాలంటే ఇప్పుడు షేర్లు మీ డీమ్యాట్‌లోనే ఉండి, మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీతోనే జరగాలి; ఇది 2020 సెప్టెంబర్ నుంచి. 2022 నవంబర్ నుంచి పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే చిన్న పత్రం వచ్చింది. మీరు అమ్మిన షేర్లను అప్పగించడం, మార్జిన్‌కు (లావాదేవీకి హామీగా) కుదువ పెట్టడం లాంటి నాలుగే పనులకు అది పరిమితం. అది ఇవ్వడం తప్పనిసరి కూడా కాదు. ఇవ్వకపోతే అమ్మే ప్రతిసారీ సీడీఎస్‌ఎల్ టీపిన్ (అమ్మకానికి అనుమతిచ్చే రహస్య నంబరు), ఓటీపీ కొట్టాలి. రెండు నిమిషాల పని. ఏడాదికి నాలుగుసార్లు అమ్మేవారికి డీడీపీఐ అవసరం లేదు, దానికయ్యే స్టాంపు ఖర్చూ మిగులుతుంది. కొన్న షేర్లు కూడా 2025 నుంచి బ్రోకర్ ఖాతా మీదుగా కాకుండా క్లియరింగ్ కార్పొరేషన్ (ఎక్స్ఛేంజీ లావాదేవీలు పరిష్కరించే సంస్థ) నుంచి నేరుగా మీ డీమ్యాట్‌లోకే వస్తున్నాయి.

షేర్ల కంటే నగదుకే రిస్కు ఎక్కువ. యాప్‌లో ఊరికే పడి ఉన్న డబ్బుకు వడ్డీ రాదు, బ్రోకర్ చిక్కుల్లో పడితే ముందు ఇరుక్కునేదీ అదే. ఖాతా తెరిచేటప్పుడు ‘రన్నింగ్ అకౌంట్ సెటిల్‌మెంట్ 30 రోజులా, 90 రోజులా’ అని ఒక గడి ఉంటుంది. 30 ఎంచుకోండి, వాడని డబ్బు నెలకోసారి దానంతటదే మీ బ్యాంకుకు వచ్చేస్తుంది.

యాప్‌లో కనిపించే అంకెనే నమ్మి కూర్చోకండి. నెలకోసారి డిపాజిటరీ నుంచి ఈమెయిల్‌కు వచ్చే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ తెరిచి (పాస్‌వర్డ్ మీ పాన్ నంబరే) షేర్ల సంఖ్య యాప్‌తో సరిపోల్చండి. లావాదేవీ లేని నెలల్లో ఇది రాకపోవచ్చు. అప్పుడు సీడీఎస్‌ఎల్ వారి మైఈజీ యాప్‌లోనో, ఎన్‌ఎస్‌డీఎల్ ఐడియాస్‌లోనో నేరుగా చూసుకోవచ్చు. షేర్లు బయటికి వెళ్తే డిపాజిటరీ నుంచే ఎస్‌ఎంఎస్ వస్తుంది. ఆ నంబరు మీదై ఉండాలి, ఖాతా తెరిచిపెట్టిన వాళ్లది కాకూడదు.

ప్రశ్న: రెండుసార్లు దరఖాస్తు పెట్టిన, రెండుసార్లూ రిజెక్ట్. ఒకసారి ‘పేరు సరిపోలేదు’, ఇంకోసారి ‘బ్యాంకు ధ్రువీకరణ కాలేదు’ అని వచ్చింది. మా జిల్లా పేరు మారినందుకేనా?
– డిగ్రీ పూర్తయిన యువకుడు, పరకాల

జవాబు: జిల్లా పేరు వల్ల కాదు. ఆధార్‌లో ఇంకా వరంగల్ రూరల్ అని ఉన్నా దరఖాస్తు ఆగదు. ఆగేది ఇంటిపేరు దగ్గర. మన దగ్గర ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. ఒక చోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. పుట్టిన తేదీ కూడా చూడండి. మన పల్లెల్లో ఎంతోమంది ఆధార్‌లో జనవరి 1 అని పడి ఉంటుంది, పాన్‌లో మాత్రం మెమో మీది తేదీ ఉంటుంది.

బ్రోకర్ మూడు చోట్ల పోల్చుతాడు. మీరు కొట్టిన పేరు, పుట్టిన తేదీ ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న పాన్ వివరాలతో, ఈ-సంతకం ఆధార్‌తో, బ్యాంకు ఖాతాలోకి ఒక రూపాయి పంపి, అక్కడ కనిపించిన పేరు పాన్‌తో. సరిచేసే వరస కూడా ముఖ్యం. పదో తరగతి మెమో ప్రకారం ముందు ఆధార్ సరిచేయించండి. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండు అవకాశాలే ఉన్నాయి, అక్షరం అక్షరం చూసుకోండి. తర్వాత పాన్ సవరణ. ఆ తర్వాత బ్యాంకులో కేవైసీ. తలకిందులుగా చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. పాన్–ఆధార్ లింకు కాకపోతే పాన్ పనిచేయదు. ఆలస్య రుసుము 1,000 కట్టి లింకు చేసుకోవాలి.

బ్యాంకు ధ్రువీకరణ కాకపోవడానికి మీ వైపు ఇంకో కారణం ఉండొచ్చు. మీది ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) ఖాతా అయితే, 2025 జనవరి 1న ఆ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ కొట్టకండి, బ్రాంచికి వెళ్లి ఇప్పటిది రాయించుకోండి.

సంతకం తెల్ల కాగితం మీద నల్ల లేదా నీలి పెన్నుతో పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీయండి. వేలితో ఫోన్ తెర మీద గీసినవి తిరిగి రావడం మామూలే. దరఖాస్తుకు కూర్చునేటప్పుడు ఆధార్‌కు లింకైన సిమ్ ఉన్న ఫోన్ చేతిలో ఉండాలి, లొకేషన్ ఆన్‌లో ఉండాలి.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌ల పనిచేస్తరు. పోయే ముందు ఇక్కడ డీమ్యాట్ ఖాతా తెరిచి, ఫోన్ నాకు ఇచ్చి పోయిండ్రు. ఆయన చెప్పిన షేర్లు నేనే కొంటున్న. ఏమన్నా ఇబ్బందా?
– ఓ గృహిణి, జగిత్యాల

జవాబు: ఇబ్బందే, అదీ రెండు వైపుల నుంచి. ఉద్యోగం కోసం విదేశం వెళ్లిన నాటి నుంచి విదేశీ మారక చట్టం ప్రకారం ఆయన ప్రవాసి. దేశంలో ఉండేవారి కోసం ఉన్న మామూలు డీమ్యాట్, సేవింగ్స్ ఖాతాలు రెండూ ఆయన పేరిట అలాగే నడవకూడదు. ముందు బ్యాంకులో సేవింగ్స్‌ను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం ఉంచుకునే ఖాతాగా) మార్పించాలి, తర్వాత బ్రోకర్ దగ్గర డీమ్యాట్ హోదా మార్పు. పాస్‌పోర్టు, వీసా, అక్కడి చిరునామా పత్రాలు అడుగుతారు. ఎన్‌ఆర్‌ఓ ఖాతాతో, పీఐఎస్ అనుమతి (ప్రవాసుల షేర్ల పెట్టుబడికి రిజర్వు బ్యాంకు పథకం కింద తీసుకునేది) లేకుండానే, షేర్లు కొని ఉంచుకోవచ్చు. అక్కడి జీతం డబ్బు స్వేచ్ఛగా వెనక్కి తీసుకెళ్లేలా ఉండాలంటే ఎన్‌ఆర్‌ఈ ఖాతా కావాలి. దానికి బ్యాంకు ద్వారా పీఐఎస్ అనుమతి తీసుకోవాలి, ఛార్జీలు ఎక్కువ. ప్రవాసులకు ఇంట్రాడే (కొన్న రోజే అమ్మడం) లేదు. ఎన్‌ఆర్‌ఐ ఖాతాలకు బ్రోకరేజీ పట్టిక వేరేగా ఉంటుంది, అది చూడకుండా బ్రోకర్‌ని ఎంచుకోవద్దు.

రెండోది, ఆయన ఖాతాలో మీరు ఓటీపీ కొట్టి కొనడం. చట్టం కళ్లకు అది ఆయన చేసినట్టే. గొడవ వస్తే మీ మాట చెల్లదు. మీ పాన్, మీ పేరిట బ్యాంకు ఖాతా, మీ సిమ్‌తో మీ సొంత ఖాతా తెరవండి. ఆయన మీ బ్యాంకు ఖాతాకు డబ్బు పంపాలి, అక్కడి నుంచే బ్రోకర్‌కు వెళ్లాలి. ఇంకొకరి ఖాతా నుంచి వచ్చిన డబ్బును బ్రోకర్ తీసుకోడు. భర్త ఇచ్చిన కానుకపై మీకు పన్ను లేదు కానీ, ఆ డబ్బుతో వచ్చిన లాభం ఆయన ఆదాయంలో కలుస్తుంది. రిటర్న్ వేసేటప్పుడు గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఒక వాట్సాప్ గ్రూపుల చేర్చిండ్రు. వాళ్ల యాప్‌లో ఐపీఓ షేర్లు తక్కువ ధరకు, గ్యారంటీగా ఇస్తరట. 40 వేలు కట్టిన, యాప్‌లో లక్షా పది వేలు చూపిస్తున్నది. తీస్కుందామంటే 20 శాతం పన్ను ముందు కట్టుమంటున్నరు.
– సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

జవాబు: ఇంకొక్క రూపాయి కట్టకండి. ఈ పేజీ పక్కనపెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి, ఇది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. డబ్బు ఏ ఖాతాకు ఎప్పుడు పంపారో చెప్పండి, మీ బ్యాంకుకూ రాసివ్వండి. త్వరగా చెబితే అవతలి ఖాతాలో మిగిలినదైనా స్తంభింపజేసే వీలుంటుంది. గ్రూపు నుంచి బయటికి రాకముందే చాట్, యాప్ తెర, యూపీఐ రశీదులు అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి.

ఆ లక్షా పది వేలు తెర మీది అంకె మాత్రమే. డబ్బు తీసుకోవడానికి ముందుగా పన్ను కట్టమని ఏ బ్రోకర్ అడగడు. లాభం మీద పన్ను మీరు ఆదాయపు పన్ను శాఖకు రిటర్న్‌తో కడతారు. ఐపీఓకు (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడానికి) నిజమైన పద్ధతిలో డబ్బు ఎవరికీ పంపరు; యూపీఐలో మీరు ఒప్పుకున్న మొత్తం మీ ఖాతాలోనే బ్లాక్ అయి ఉండి, షేర్లు వస్తేనే కట్ అవుతుంది. అలాట్‌మెంట్ గ్యారంటీ అని ఎవరూ చెప్పలేరు.

మిగతా పాఠకులకు: సెబీ దగ్గర నమోదైన స్టాక్ బ్రోకర్ నంబరు ఐఎన్‌జెడ్ అక్షరాలతో మొదలవుతుంది. యాప్‌లో రాసిన నంబరును నమ్మకండి, దాన్ని సెబీ వెబ్‌సైట్ జాబితాలో వెతికి, అక్కడున్న కంపెనీ పేరు, వెబ్‌సైట్ చిరునామా సరిపోతున్నాయో చూడండి. మోసగాళ్లు నిజమైన కంపెనీ నంబరునే వాడుకుంటారు. 2025 అక్టోబర్ నుంచి బ్రోకర్ల యూపీఐ ఐడీలకు ప్రత్యేక గుర్తు వచ్చింది: పేరు తర్వాత ‘బీఆర్‌కే’ అక్షరాలు, ఆపై ‘వ్యాలిడ్’ అన్న మాట, దాని వెంట బ్యాంకు పేరు, డబ్బు పంపే తెర మీద ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు. సెబీ సారథి యాప్‌లోని ‘సెబీ చెక్’లో ఆ ఐడీని పరీక్షించుకోవచ్చు. ఎవరో వ్యక్తి పేరు మీదున్న ఖాతాకో, ఏదో ట్రేడర్స్ పేరు మీదున్న ఖాతాకో పంపమంటే అక్కడే ఆగిపోండి.

ప్రశ్న: మా బామ్మర్ది ఒక బ్రోకర్ కంపెనీ తరఫున ఆఫీసు పెట్టిండు. లాగిన్ ఇయ్యి బావా, నెలకు మూడు శాతం చూపిస్త అంటున్నడు.
– పత్తి వ్యాపారి, జమ్మికుంట

జవాబు: ఖాతా ఆయన దగ్గర తెరవండి, లాగిన్ ఇవ్వకండి. బ్రోకర్ తరఫున పనిచేసేవారిని ఆథరైజ్డ్ పర్సన్ అంటారు. ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో వారి పేరు ఉంటుంది. ఆయన మీ డబ్బు తన ఖాతాలోకి తీసుకోకూడదు, ఇంత లాభం అని మాట ఇవ్వకూడదు, మీరు చెప్పకుండా మీ పేరిట కొనకూడదు, అమ్మకూడదు. ఆయన ఆదాయం మీరు ఎన్నిసార్లు కొని అమ్మితే అంత. మీకు నష్టమొచ్చినా బ్రోకరేజీలో వాటా ఆగదు. లాగిన్, ఓటీపీ మీరే ఇచ్చాక నష్టపోతే ఫిర్యాదు నిలవడం కష్టం. బంధుత్వం కూడా నిలవదు, అది వేరే సంగతి.

ప్రశ్న: కొన్న షేర్లు మధ్యాహ్నం వాటంతటవే అమ్ముడుపోయినయి, పైగా 59 రూపాయలు కట్. యాప్ ఖరాబైందా?
– సిరిసిల్ల పాఠకుడు

జవాబు: యాప్ బాగానే ఉంది. మీరు ‘డెలివరీ’ బదులు ‘ఇంట్రాడే’ బటన్‌తో కొన్నారు. అలా కొన్నవి ఆ రోజే అమ్మేయాలి. మీరు అమ్మకపోతే 3:15 తర్వాత బ్రోకర్ వ్యవస్థే అమ్మేసి 50 రూపాయలు, జీఎస్‌టీ 9 వేస్తుంది. చాలా యాప్‌లలో పోయినసారి వాడిన బటనే మళ్లీ ఎంచుకుని ఉంటుంది. డెలివరీని కొన్ని యాప్‌లు సీఎన్‌సీ అని, ఇంట్రాడేని ఎంఐఎస్ అని చూపిస్తాయి. మూడో బటన్ ఎంటీఎఫ్, ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ అని ఆకర్షణీయంగా రాసి ఉంటుంది; అది అప్పు. రోజుకు 0.04 శాతం అంటే చిన్నగా కనిపిస్తుంది, ఏడాదికి 14.6 శాతం. ఇంకొకటి, తక్కువగా అమ్ముడయ్యే చిన్న కంపెనీల షేర్లు ‘మార్కెట్’ ఆర్డర్‌తో కొంటే అనుకున్న దానికంటే ఎక్కువ ధర పడుతుంది. ‘లిమిట్’ పెట్టి మీ ధర మీరే రాయండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఖాతా తెరిచేటప్పుడు ఎఫ్ అండ్ ఓ యాక్టివేట్ చేయమని అడుగుతోంది. చేయాలా?
– హనుమకొండ

జవాబు: వద్దు. ఎఫ్ అండ్ ఓ అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్; షేర్ల రాబోయే ధరల మీద చేసుకునే ఒప్పందాలు. దానికి ఆదాయ రుజువు, అంటే ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటో ఐటీ రిటర్నో ఇవ్వాలి. అది ఇవ్వకుండా వదిలేస్తే చాలు, షేర్లు కొనడానికి అడ్డేమీ ఉండదు. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీయే లెక్కతీసింది. ఆ బటన్‌ను మొదటి తెర మీదే పెట్టే యాప్ ఎవరి లాభం కోరుతోందో మీరే ఆలోచించండి.

ప్రశ్న: రైల్వే ఉద్యోగిని, షేర్లు కొనొచ్చా?
– కాజీపేట

జవాబు: కొని ఉంచుకోవచ్చు. తరచూ కొనడం, అమ్మడం స్పెక్యులేషన్ (జూదం లాంటి వ్యాపారం) కిందికి వస్తుంది, ప్రవర్తనా నియమాలు దాన్ని నిషేధిస్తాయి. ఇంట్రాడే జోలికి పోవద్దు. క్యాలెండర్ సంవత్సరంలో షేర్లు, ఫండ్ల లావాదేవీల మొత్తం మీ ఆరు నెలల మూల వేతనం దాటితే, మరుసటి జనవరి 31లోగా నిర్ణీత పత్రంలో పై అధికారికి తెలపాలి.

ప్రశ్న: ఇప్పుడున్న బ్రోకర్ ఛార్జీలు పెంచిండు. వేరే దాంట్లకు మారాలంటే షేర్లన్నీ అమ్మి మళ్లీ కొనాలా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: అమ్మకండి. అమ్మితే పన్ను పడుతుంది. ఏడాదిలోపువైతే లాభం మీద 20 శాతం, ఏడాది దాటినవైతే 1.25 లక్షల పైబడిన లాభం మీద 12.5 శాతం. మారిస్తే ఏమీ లేదు, యజమాని మారలేదు కదా.

ముందు కొత్త ఖాతా తెరిచి, అక్కడి నుంచి క్లయింట్ మాస్టర్ రిపోర్ట్ (మీ ఖాతా వివరాల పత్రం) డౌన్‌లోడ్ చేసుకోండి. పాత బ్రోకర్ దగ్గర ఖాతా మూసివేత, షేర్ల బదిలీ రెండూ కలిపిన దరఖాస్తు అడగండి. పేరు, పాన్ రెండు చోట్లా ఒకటే అయితే ఆ బదిలీకి ఛార్జీ వేయకూడదు. ఖాతా మూయకుండా కొన్ని షేర్లే మార్చాలంటే డెలివరీ ఇన్‌స్ట్రక్షన్ స్లిప్ నింపాలి, లేదా రెండూ సీడీఎస్‌ఎల్‌లోనే ఉంటే ఈజీయెస్ట్ అనే వారి సేవ ద్వారా ఆన్‌లైన్‌లో చేయొచ్చు. దీనికి కంపెనీకి ఇంత చొప్పున రుసుము ఉంటుంది. స్లిప్‌లో తప్పులు ఎక్కువగా ఐఎస్ఐఎన్ (ఒక్కో కంపెనీ షేరుకు ఉండే గుర్తింపు) నంబరులో, సంతకంలో జరుగుతాయి. ఆ సంతకం పాత దరఖాస్తులో ఉన్నట్టే ఉండాలి.

నిన్న కొన్నవి, కుదువలో ఉన్నవి వెళ్లవు. బ్రోకర్‌కు బాకీ ఒక్క రూపాయి ఉన్నా ఖాతా మూయరు. డివిడెండ్ రికార్డు తేదీ (ఆ రోజు షేర్లు ఎవరి దగ్గరుంటే వారికే డివిడెండ్) దగ్గర్లో ఉంటే అది దాటాక మొదలుపెట్టడం మేలు.

చాలామంది మరిచిపోయేది కొన్న ధర. డిపాజిటరీ షేర్ల సంఖ్యనే పంపుతుంది, మీరు ఎప్పుడు ఎంతకు కొన్నారో పంపదు. కొత్త యాప్‌లో సగటు ధర ఖాళీగా కనిపిస్తుంది. పాత లాగిన్ మూతపడకముందే కాంట్రాక్ట్ నోట్లు (కొనుగోలు, అమ్మకాల రశీదులు), ప్రతి ఏటి పన్ను స్టేట్‌మెంట్ దింపుకుని, కొత్త చోట తేదీ, ధర చేత్తో ఎక్కించండి. పాత చోట పెట్టిన నెలవారీ ఆర్డర్లు, డీడీపీఐ కూడా వెంట రావు. నామినీ పేరు కొత్తగా రాయాల్సిందే.

పాత బ్రోకర్ నాన్చితే ముందు వారి ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ పంపండి. కదలకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో వేయండి, 21 రోజుల్లో జవాబివ్వాలి. సందేహం ఉంటే సెబీ ఉచిత నంబరు 1800 266 7575, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఖాతా మూసినట్టు రాతపూర్వకంగా వచ్చాక, తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో పాత నంబరు కనిపించడం లేదని చూసుకుని, కొత్త ఖాతాను బేసిక్ సర్వీసెస్ ఖాతాగా మార్చమని బ్రోకర్‌ని అడగండి. అప్పటిదాకా రెండు ఖాతాలు ఉన్నట్టే లెక్క.